నాలుగో మరుగుదొడ్డి

మా మండలంలో ఓ హైస్కూలు. ఊరి పేరు చెప్పను. చెబితే రేపు తనిఖీకి వచ్చేవాళ్లు బడికి పోరు, మా ఇంటికి వస్తారు. ఆ బళ్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నలుగురు కంప్యూటర్ పీరియడ్‌లో చేయకూడని పని చేశారు. హాయిగా సినిమా పాటలు చూసుకోక, బళ్ల వివరాలుండే యూడైస్ ప్లస్ సైటు తెరిచి, తమ బడి పదకొండంకెల కోడ్ కొట్టి రిపోర్టు కార్డు బయటికి లాగారు. మన దగ్గర ఎప్పుడైనా బడి పిల్లలకు రిపోర్టు కార్డు ఇస్తుంది గానీ, బడికీ ఓ కార్డుంటుందనీ దాన్ని పిల్లలు చూడొచ్చనీ వీళ్ల చెవిన ఎవరు ఊదారో!

కార్డులో ఉన్నదిది: బాలికల మరుగుదొడ్లు 4. పనిచేస్తున్నవి 4.

ఆ బళ్లో లెక్కల మాస్టారు బాగా చెబుతారు, అదీ వచ్చిన చిక్కు. పిల్లలు వెళ్లి లెక్కపెట్టారు. ఒకటి వాడుకలో ఉంది. రెండోదానికి గడియ లేదు. ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. దొడ్డి ఉంది, మరుగు లేదు. మూడోదాంట్లో విరిగిన బెంచీలు, పాత జవాబు పత్రాల కట్టలు. నాలుగోదానికి మరుగే ఉంది, దొడ్డి లేదు. ఎంత వెతికినా కనబడలేదు. హెడ్మాస్టరు గారి దగ్గరికెళ్లి "సార్, నాలుగోది ఎక్కడుంది?" అని అడిగారు. ఆయన పాపం మంచాయన. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని అన్నారు: "అది డేటా అమ్మా, బాత్రూమ్ కాదు."

పారదర్శకత మీద పెద్ద పెద్ద సెమినార్లు విన్నాను. ఇంత ముక్కుసూటిగా ఎవరూ చెప్పలేదు.

సర్కారు డేటా తెరవడమంటే పెళ్లిలో వెండి కంచం బయటపెట్టడం లాంటిది. వియ్యాలవారు చూసి మెచ్చుకోవాలి గానీ, అందులో అన్నం కలుపుకుంటే ఎలా? కేంద్రం 2012లో డేటా పంచుకునే విధానం రాసుకుంది, పోర్టల్ పెట్టింది. తెలంగాణ 2016లో తనదైన ఓపెన్ డేటా విధానం ప్రకటించింది. యంత్రాలు చదవగలిగే రూపంలో ఇవ్వాలన్నది కేంద్ర విధానంలోని మాట. మన ఆఫీసులు దాన్ని శ్రద్ధగా పాటించి, ముందు మనుషులు చదవకుండా చూసుకున్నాయి. యంత్రం తిప్పలు యంత్రం పడుతుంది.

ఆ విద్య ఎలా ఉంటుందంటే, కంప్యూటర్లో చక్కగా తయారైన పట్టికను ముందు ప్రింటు తీస్తారు. దాని మీద గుండ్రటి ముద్ర గుద్ది, ఆకుపచ్చ సిరాతో సంతకం చేస్తారు. తర్వాత స్కాన్ చేసి, పక్కకు పడుకోబెట్టి సైట్లోకి ఎక్కిస్తారు. మెడ వాల్చుకుని చదువుతూ పోతే, సరిగ్గా మొత్తం రాసిన గడి మీద గుమాస్తాగారి బొటనవేలు ఉంటుంది. తెలుగు ఫైలైతే అను ఫాంట్లలో కొట్టి ఉంటుంది. మన దగ్గర తెరిస్తే ఊరి పేరున్న చోట రెండు డాలర్లు, ఓ ప్రశ్నార్థకం. ఖర్చుల పట్టికలో ఆ ప్రశ్నార్థకమే కాస్త నిజాయితీగా కనిపిస్తుంది.

ఈ కళకు శిఖరం ఆంధ్రప్రదేశ్‌లో కట్టారు. 2021లో జీవోల సైట్లో ఖాళీ జీవోలు వెలిశాయి. నంబరుంది, తేదీ ఉంది, లోపల తెల్లకాగితం. ఆ తెల్లకాగితాన్ని కూడా జనం ప్రశ్నించడంతో, ఆ ఆగస్టులో జీవోలు సైట్లో పెట్టడమే మానుకున్నారు. మళ్లీ పెట్టడానికి ప్రభుత్వమే మారాల్సొచ్చింది. తెలంగాణవాళ్లు మరీ నవ్వనక్కర్లేదు. జీవోలు సైట్లో పెట్టండయ్యా అని వాళ్లకు హైకోర్టు చెప్పాల్సొచ్చింది.

అసలు 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం ప్రతి ఆఫీసూ పదిహేడు రకాల వివరాలు, ఎవరూ అడక్కముందే, 120 రోజుల్లో బయటపెట్టాలి. ఏ శతాబ్దపు 120 రోజులో రాయకపోవడం చట్టం చేసినవాళ్ల పొరపాటు. అడిగి తెలుసుకుందామంటే మాత్రం చవకే. మన దగ్గర పంచాయతీ స్థాయిలో అర్జీకి ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆపైన పది. టీ కూడా రాని ఐదు రూపాయలకు మండలాఫీసు నిద్ర చెడగొట్టే అవకాశం ఇంకెక్కడా దొరకదు.

ఒకప్పుడు ఇదే గడ్డ మీద డేటా నిజంగానే కరిచింది. 2006లో అనంతపురంలో ఉపాధి హామీ మస్టర్లు పట్టుకుని, కూలీల ఇళ్లలోంచి వచ్చిన నాలుగక్షరాలు నేర్చిన కుర్రాళ్లు ఊళ్లకు ఊళ్లు తిరిగారు. సామాజిక తనిఖీ అన్నారు దాన్ని. 2009కల్లా దానికోసం ప్రత్యేకంగా ఓ సంస్థే ఏర్పడింది. వాళ్లు చేసిందల్లా అరుగు మీద కూర్చుని పేర్లు పైకి చదవడం. ఎన్ని రోజులు పనిచేశావు, ఎంత ముట్టిందని అడగడం. చదువుతుంటే కాటికి పోయినవాళ్లు చెరువులో పూడిక తీసి ఉండేవారు, బెంగళూరు వలస వెళ్లినవాళ్లు అదే వారం ఊళ్లో కాలువ తవ్వి ఉండేవారు. తర్వాత మండలంలో ప్రజావేదిక. అక్కడ ఆ పేర్లే మైకులో చదివేవారు. కుర్చీలో ఉన్నవాళ్లకు చెమటలు పట్టేవి.

అరుగు మీద చదివితే ఇంత ప్రమాదమని తెలిశాక సాంకేతికత ఆదుకుంది. 2023 జనవరి నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో పెట్టడం తప్పనిసరైంది. 2025 జూలైలో కేంద్రమే సర్క్యులర్ ఇచ్చుకుంది: ఫొటోకు ఫొటో తీసి పెడుతున్నారట, పనికి సంబంధం లేని బొమ్మలు ఎక్కిస్తున్నారట. వెనక చచ్చినవాళ్లు పనికొచ్చేవారు, ఇప్పుడు ఫొటోలు వస్తున్నాయి. ప్రగతంటే ఇదే కాబోలు.

మిగిలిన కాస్త ముప్పుకూ మందు దొరికింది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టం ఎనిమిదో సెక్షనులో ఓ క్లాజును కత్తిరించింది. వ్యక్తిగత సమాచారమైనా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న మాట ఆ క్లాజులోంచి ఎగిరిపోయింది. (అదే సెక్షనులో కింద ఇంకోచోట ఆ మాట ఉందిగా అంటారు పెద్దలు. ఉంది. దాన్ని వాదించుకోవడానికి సమాచార కమిషన్ మెట్లెక్కే ఓపిక మనకుండాలి.) మస్టర్లో పేరు మాత్రం వ్యక్తిగతం కాదా? పూడిక తీసిన దివంగతుడి గోప్యత ఏం కాను?

మా ఆడపిల్లలు ఇవేవీ చదవలేదు. అమ్మల చేత సంతకాలు పెట్టించి, ఐదు రూపాయలు కట్టి, నాలుగోది చూపించమని అర్జీ ఇచ్చారు. వారం తిరక్కుండా ఇద్దరు అధికారులు జీపులో దిగారు. మరుగుదొడ్ల వైపు కన్నెత్తలేదు. నేరుగా కంప్యూటర్ గదికెళ్లారు.

"ఈ పిల్లలకు పాస్‌వర్డ్ ఎవరిచ్చారు?"

"పాస్‌వర్డేం లేదండీ. అది అందరికీ తెరిచే ఉంటుందండీ," అన్నారు కంప్యూటర్ మాస్టారు.

"తెరిచి ఉంటే మాత్రం, చూసేస్తారా?"

సాయంత్రానికి ఆ గదికి తాళం పడింది. కొత్తది, ఇత్తడిది, బరువైనది.

నలుగురిలో ఒకమ్మాయి వాళ్లమ్మ పేరెంట్స్ కమిటీలో సభ్యురాలు. మొన్న ఖర్చుల పుస్తకం సంతకానికి ఇంటికి పంపారట. ఎప్పుడూ వేలు చూపించిన చోట పెట్టేసే సంతకం, ఈసారి కూతురు చదివి వినిపించాక పెడతానందట ఆవిడ. రాత్రి ఎనిమిదింటికి ఆ పిల్ల మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"నాలుగోది దొరికింది బాబాయ్! తాళం ఖర్చు బాలికల మరుగుదొడ్ల మరమ్మతు కింద రాశారు. కంప్యూటర్ రూమేనంట!"