దివానీ దొరవారికి దండాలు

కోల్‌కతా విక్టోరియా మెమోరియల్‌లో టికెట్టు కొని మరీ మీ విగ్రహం ముందు నిలబడ్డాను, రాబర్ట్ క్లైవు దొరవారూ. యుద్ధంలో చితికిన రాజ్యాన్ని మళ్ళీ ఎలా నిలబెట్టాలో లోకానికి నేర్పిన గురువులు మీరు. దండం పెట్టకపోతే కళ్ళు పోతాయి.

1764లో బక్సరు యుద్ధం గెలిచాక ఇంకొకరైతే కిరీటం నెత్తిన పెట్టేసుకునేవారు. మీకా కక్కుర్తి లేదు. 1765 ఆగస్టులో అలహాబాదులో, మీ డేరాలోనే, మీరు భోంచేసే బల్ల మీద కుర్చీ వేయించి మొగలు పాదుషా షా ఆలంను కూర్చోబెట్టారు. సింహాసనం లేని చక్రవర్తికి సింహాసనం! బల్ల మీద ఎంగిలి తుడిపించే ఉంటారు లెండి. ఆయన బెంగాల్, బిహార్, ఒరిస్సాల దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, మీ ఈస్టిండియా కంపెనీకి ధారపోశాడు. బదులుగా ఏటా 26 లక్షలు ఇస్తామన్నారు, అదీ ఆ శిస్తులోంచే. అత్తసొమ్ము అల్లుడు దానం చేయడం మాకు తెలుసు. అత్తకే దానం చేసిన అల్లుడు మీరొక్కరే.

మా తెలుగువాళ్ళనూ మరవలేదు. నిజాం చేతిలో ఉన్న ఉత్తర సర్కారులకు కూడా అప్పుడే ఫర్మానా రాయించారు. శ్రీకాకుళం రైతుకు నాగలి ఆపే శ్రమైనా ఇవ్వకుండా కాగితం మీద ఏలిక మారిపోయాడు.

ఇక పంపకం. శిస్తు మీకు, శాంతిభద్రతలు ముర్షిదాబాదు నవాబుకు. తాళంచెవి మీది, తిట్లు ఆయనవి. వసూళ్ళకు మహమ్మద్ రెజా ఖాన్‌ను ముందు నిలిపారు. కంపెనీ 1772లో ఆయన్నే ఖైదు చేసింది, తర్వాత నిర్దోషి అని వదిలేసిందనుకోండి.

1770 బెంగాల్ కరువు నాటికి మీరు ఇంగ్లండు ఓడెక్కి మూడేళ్ళు. జనంలో మూడోవంతు పోయారని మీ కంపెనీ గవర్నరు హేస్టింగ్సే లెక్కగట్టాడు. అయినా 1771 వసూళ్ళు 1768 నాటివాటిని మించాయి! చచ్చినవాడి శిస్తు పక్కింటివాడి మీద వేసేవారు. దాని పేరు నాజాయ్. ఇరుగుపొరుగు అనుబంధాన్ని ఇంత గట్టిగా బిగించిన సర్కారు మరొకటి లేదు.

మీ విద్య వృథా పోలేదు. 2004 జూన్ 28న బాగ్దాదులో అమెరికా పెట్టిన పాలకుడు పాల్ బ్రెమరు సార్వభౌమత్వాన్ని ఇరాకీల చేతిలో పెట్టి ఆ రోజే విమానమెక్కాడు. లక్షకు పైగా అమెరికా సైనికులు మాత్రం అక్కడే ఉన్నారు.

మీ 1770 నాటి కరువును బెంగాలీలు నేటికీ ఛియాత్తరేర్ మన్వంతర్ అంటారు, డెబ్బయ్యారో ఏటి కరువని. వాళ్ళ లెక్కలో అది 1176. అందులో మీ పేరు లేదు, కంపెనీ పేరు లేదు, నవాబు పేరూ లేదు. నింద మోయడానికి ఏడాదే దొరికింది.