కాగితం ఖర్చు ఎవరి ఖాతాలో?

విశ్వవిద్యాలయాలకు సమస్యలు ఎన్ని ఉన్నా, వాటిలో పాలక యంత్రాంగం శ్రద్ధను పూర్తిగా చూరగొన్నది ముద్రణ వ్యయ సమస్య ఒక్కటే. అధ్యాపక ఖాళీల భర్తీ, పెన్షన్లు, బ్లాక్ గ్రాంటు పెంపు ప్రభుత్వం చేతిలో ఉన్న విషయాలు కనుక వాటి గురించి ఉన్నతాధికారులు చేయగలిగింది లేఖ రాయడం మాత్రమే. ఆ లేఖను ఏ ప్రింటర్‌లో తీయాలి, ఆ ఖర్చును ఏ విభాగం పద్దులో వేయాలి అన్న నిర్ణయం మాత్రం స్వయంప్రతిపత్తి పరిధిలోకి వస్తుంది. దక్కిన ఆ కాస్త స్వయంప్రతిపత్తినీ విశ్వవిద్యాలయాలు ఎక్కడా వృథా కానివ్వడం లేదు.

మొదట వివాదాస్పద వస్తువును పరిశీలించవలసి ఉంది. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది; చదరపు మీటరుకు 75 గ్రాములు తూగే రకాన్ని 75 జీఎస్‌ఎం అంటారు; అటువంటి 500 కాగితాల కట్ట ఒక రీము, దాని బరువు సుమారు 2.3 కిలోలు. రీము 300 రూపాయలనుకుంటే కాగితం ఒక్కింటికి 60 పైసలు పడుతుంది. కార్యాలయాల్లో తరచుగా కనిపించే పాత లేజర్ ప్రింటర్లలో వాడే 12ఏ కార్ట్రిడ్జ్ సుమారు 2,000 పుటలకు వస్తుందని తయారీదారు చెబుతాడు గాని, ఆ లెక్క పుట విస్తీర్ణంలో 5 శాతం మేరకే టోనర్ పడుతుందన్న ఊహ మీద ఆధారపడినది. పైన చిహ్నం, పక్కన గుర్తింపు సంస్థ నాక్ ఇచ్చిన గ్రేడు, కింద నాలుగు ఫోన్ నంబర్లు, నడుమ గళ్ల పట్టిక ఉన్న అధికారిక ప్రొఫార్మా ఆ 5 శాతాన్ని మొదటి మూడు అంగుళాల్లోనే దాటిపోతుంది. రీఫిల్ ఖర్చు కలుపుకొన్నా పుట ధర రూపాయికి అటూ ఇటూగానే తేలుతుంది. ఈ రూపాయిని ఎవరు భరించాలో తేల్చడానికి ఒక డీన్, ఇద్దరు విభాగాధిపతులు, ఫైనాన్స్ ఆఫీసర్, మెంబర్ కన్వీనర్ కలిసి కూర్చున్న మొదటి పూటే, వారి జీతాల లెక్కన చూస్తే, ఒక చిన్న విభాగానికి ఏడాదికి సరిపడా కాగితం ఖర్చయిపోయి ఉంటుంది.

వ్యయగణన శాస్త్రం ఇక్కడ రెండు పద్ధతులను చెబుతుంది. ఫలానా ఖర్చు ఫలానా విభాగానిదేనని స్పష్టంగా తెలిసినప్పుడు దాన్ని మొత్తంగా ఆ విభాగం ఖాతాలో వేయడం కేటాయింపు. పలు విభాగాలు కలిసి వాడుకున్న దాన్ని ఏదో ఒక ప్రాతిపదికన వాటాలు వేయడం పంపకం. ఈ శాస్త్రాన్ని కామర్స్ విభాగం ఏటా తరగతి గదుల్లో బోధిస్తుంది కనుక, ఆ విభాగం వారిని కమిటీలో వేస్తే పని తేలికవుతుందన్న ప్రమాదం ఉంది; అందువల్ల వారిని సాధారణంగా క్రీడోత్సవాల కమిటీలో వేస్తారు.

పంపకంలో అతి ప్రాచీనమైనది సమాన వాటా పద్ధతి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు ఎవరి కాగితమో ఎవరో వాడుకోవడానికి ఇందులో పూర్తి వెసులుబాటు ఉంటుంది. ఎక్కువగా ముద్రించినవారికి లాభం, తక్కువగా ముద్రించినవారికి నష్టం కలుగుతాయి గనుక, మొదటి మూడు నెలల్లోనే పొదుపరి విభాగాలు సైతం జ్ఞానోదయం పొంది, పిల్లల స్కూలు ప్రాజెక్టులు మొదలుకొని గృహప్రవేశ ఆహ్వానాల వరకు అన్నింటినీ విద్యాసంబంధ కార్యకలాపాలుగా గుర్తించడం మొదలుపెడతాయి.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి వచ్చినది తలల లెక్క. మంజూరైన పోస్టులను బట్టి పంచితే, ఖాళీ కుర్చీలకూ కాగితం వెళ్తుందని ఆడిట్ అభ్యంతరం వస్తుంది. పనిచేస్తున్న రెగ్యులర్ అధ్యాపకులను బట్టి పంచితే, ఒకే ఒక్క ప్రొఫెసర్ మిగిలిన విభాగానికి ఒక్కరి వాటాయే దక్కుతుంది, అక్కడ పాఠాలు చెప్పి, ప్రశ్నపత్రాలు తయారుచేసి, మార్కుల జాబితాలు తీసే కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులు తెల్ల కాగితం విషయంలో అదృశ్యులవుతారు. నాక్ బృందం తనిఖీకి వచ్చిన మూడు రోజులూ వారే మళ్లీ సంపూర్ణ శరీరాలతో ముందు వరుసలో దర్శనమిస్తారు. ఒకే వ్యక్తి ఒక పట్టికలో ఉండి, మరో పట్టికలో లేకపోవడాన్ని తత్త్వశాస్త్ర విభాగం విశదీకరించగలిగి ఉండేది గాని, చేరిన విద్యార్థుల సంఖ్యను బట్టి పంచేసరికి ఆ విభాగం వాటా నెలకు పదకొండు కాగితాలుగా తేలడంతో అది లిఖితపూర్వకంగా స్పందించలేకపోయింది.

మూడవది మీటరు పద్ధతి. ప్రతి వాడుకరికీ ఒక రహస్య కోడ్ ఇచ్చి, ఎవరు ఎన్ని పుటలు తీశారో యంత్రమే లెక్కించే ఏర్పాటు ఇది. విదేశీ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు సైతం కార్డు చూపి ప్రింటు తీసుకోవడానికి ఇటువంటి సాఫ్ట్‌వేరే ఆధారం. ఇక్కడ అది అమలైన మరునాడే విభాగాధిపతి కోడ్ నాలుగు అంకెలతో ఒక చీటీ మీదికెక్కి, ఆ చీటీ సెల్లోటేపుతో ప్రింటర్ మూతకు అతుక్కుంటుంది. నెలాఖరున వచ్చే నివేదిక ప్రకారం విభాగాధిపతి సెలవులో తిరుపతి వెళ్లిన రోజునే అత్యధిక పుటలు ముద్రించినట్లు తేలుతుంది. ఆ నివేదికను ముద్రించి, ప్రతి విభాగానికీ ఒక ప్రతి, ఫైలుకు రెండు ప్రతులు పంపుతారు.

నాలుగవది కార్యకలాపాల పద్ధతి. 1980ల చివర రాబిన్ కూపర్, రాబర్ట్ కాప్లాన్ ప్రచారంలోకి తెచ్చిన కార్యకలాపాధారిత వ్యయగణన ప్రకారం, ఖర్చు ఎక్కడ పడిందని కాక, దాన్ని పుట్టించిన పని ఏదని అడగాలి. ఈ ప్రశ్న అడగడం అనేక పదవులకు ప్రమాదకరం. ఉదాహరణకు, కాగితరహిత పాలనలో భాగంగా పరిపాలనా భవనం ఒక ప్రొఫార్మాను పీడీఎఫ్ రూపంలో వాట్సాప్ గ్రూపులో పెట్టి, ‘ప్రింటు తీసి, సంతకం చేసి, స్కాన్ చేసి, సాయంత్రం నాలుగింటిలోగా పంపవలెను, హార్డ్ కాపీ తరువాత అందజేయవలెను’ అని ఆదేశిస్తుంది. విభాగం ఒకసారి ముద్రిస్తుంది. పేరులో అచ్చుతప్పు దొర్లినందున రెండవసారి ముద్రిస్తుంది. చేరిన స్కాన్‌ను సెక్షన్ సూపరింటెండెంట్ ఫైలు కోసం మూడవసారి ముద్రిస్తారు. ఆపైన హార్డ్ కాపీ రానే వస్తుంది. వ్యయాన్ని పుట్టించిన పని పరిపాలనా భవనానిది, వ్యయం విభాగాలది, ఆదా చేసినందుకు ప్రశంస మాత్రం మళ్లీ పరిపాలనా భవనానిదే.

ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుందన్న వాస్తవం కూడా ఈ శాస్త్రంలో అంతర్భాగమే. ఖర్చు కాని నిధి మురిగిపోతుంది, మురిగిన మేరకు వచ్చే ఏడు కోత పడుతుంది. కాబట్టి ఏడాది పొడవునా రీము కాగితానికి మూడు సంతకాల ఇండెంట్ అడిగిన స్టోర్స్ విభాగమే మార్చి మూడవ వారంలో కార్ట్రిడ్జ్‌లను అట్టపెట్టెలతో దింపుతుంది. ఆ మోడల్ ప్రింటర్‌ను ఫిబ్రవరిలోనే పనికిరానిదిగా ప్రకటించిన సంగతి స్టాక్ రిజిస్టరులో వేరే పేజీలో ఉంటుంది గనుక, ఆ కార్ట్రిడ్జ్‌లు సీలు విప్పకుండానే బీరువాలో శాశ్వత ఆస్తులవుతాయి.

ఇన్ని సూత్రాలు విఫలమైనా విశ్వవిద్యాలయాలు మూతపడకపోవడానికి కారణం, ఏ కమిటీ తీర్మానంలోనూ లేని ఐదవ సూత్రం ఒకటి నిరాఘాటంగా పనిచేస్తూ ఉండడమే. పరిశోధక విద్యార్థి సినాప్సిస్ ప్రతులు, సెమినార్ పత్రాలు, పరీక్షకులకు వెళ్లే సిద్ధాంత గ్రంథ ప్రతులు, యూజీసీ 2018 గ్రంథచౌర్య నిరోధక నిబంధనల దరిమిలా వాటికి జతచేయవలసి వచ్చిన సారూప్య నివేదిక, చివరకు గైడ్‌కు రావలసిన సర్క్యులర్ ప్రతి సైతం గేటు బయటి జిరాక్స్ దుకాణంలో తన ఫెలోషిప్ నుంచి, అది నెలల తరబడి రాకపోతే దుకాణదారు అరువు పుస్తకం నుంచి తీయించుకుంటాడు. ఆ మొత్తం ఏ రిజిస్టరుకూ ఎక్కదు. ఎక్కని దానిపై ఆడిట్ అభ్యంతరం రాదు. అభ్యంతరం రానిది వార్షిక నివేదికలో ముద్రణ వ్యయంలో సాధించిన పొదుపుగా నమోదవుతుంది. వ్యయ పంపకపు పద్ధతులన్నింటిలోకీ ఏ విభాగాధిపతీ అసమ్మతి నోటు రాయనిది ఇదొక్కటే, ఎందుకంటే విభాగాలన్నింటికీ సమానంగా సున్నా వచ్చింది.