వేడినీళ్ల దొరవారికి పై బెర్తు నుంచి విన్నపం

కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్ నగరానికి వేడి వదిలే పెద్ద వాల్వు దగ్గర నైట్ షిఫ్టులో కూర్చున్న దొరవారి సముఖానికి,

అదే నగరంలో ఒక చవక హాస్టల్లో, నాలుగో అంతస్తులో, ఆరు పడకల గదిలో, పై బెర్తు మీది నుంచి రామగుండం వాస్తవ్యుడైన ఒక రిటైర్డ్ బాయిలర్ ఆపరేటర్ చేసుకునే విన్నపం.

అయ్యా,

ఈ లేఖ నేను అక్టోబరు 29న మొదలుపెట్టాను. అప్పుడు దీని మొదటి మాట ‘చలి’. ఇవాళ నవంబరు 6. ఆ మాట కొట్టేసి పైన ‘ఉక్క’ అని రాసుకున్నాను. ఈ మధ్యలో గది మారలేదు, బెర్తు మారలేదు, కప్పుకున్న దుప్పటి కూడా మారలేదు. మారింది తమరి మనసొక్కటే.

నేను ఇక్కడికెందుకు వచ్చానో ముందు మనవి చేసుకోవాలి. నా బిడ్డ ఈ ఊళ్లో మెడిసిన్ మూడో సంవత్సరం చదువుతోంది. మెడిసిన్ కోసం ఇక్కడికొచ్చిన మన తెలుగు పిల్లలు ఎంతమందంటే, ఓష్ బజారులో ‘అరేయ్, పచ్చిమిరపకాయలు ఇటున్నాయిరా’ అని ఎవరో కేకేస్తే తల తిప్పి చూసింది నేనొక్కణ్ణే. ఆడపిల్లల హాస్టల్లోకి తండ్రినైనా రానివ్వరు, అది న్యాయమే. ‘హోటల్లో దిగు బాపూ’ అంది. ఏటా ఫీజు కట్టేవాడి కంటికి హోటలు రేటు ఇంకోలా కనబడుతుంది. అందుకని రాత్రికి ఎనిమిది వందల సోములకు ఈ హాస్టలు పట్టాను. సోమూ రూపాయీ ఇంచుమించు ఒకటే. లెక్క కట్టే పనిలేకుండానే ఎంత ఖర్చయిందో తెలిసిపోతుంది, అదే బాధ.

సోవియట్ల నాడు కట్టిన ఐదంతస్తుల భవనం. లిఫ్టు లేదు. రెండు ఫ్లాట్ల మధ్య గోడ కొట్టేసి హాస్టలు చేశారు. గుమ్మంలోనే బూట్లు విడిచి, అక్కడున్న బుట్టలోంచి ఇంటి చెప్పులు తొడుక్కోవాలి. నా వంతుకు వచ్చిన జతలో రెండూ ఎడమకాలివే. హాస్టలు నడిపే ఆవిణ్ణి అందరూ ‘ఎజె’ అంటారు, కిర్గిజ్‌లో అక్క అని. నాకంటే పదేళ్లు చిన్నదే అయినా నేనూ అక్కనే చేసుకున్నాను. తాళాలు ఎవరి దగ్గరుంటే వాళ్లే పెద్ద.

మొదటి రాత్రి స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, చేతులు రుద్దుకుంటూ ఆవిడ ముందు నిలబడ్డాను. ఆవిడ కిటికీ కింద గోడకున్న ఇనప సామాను చూపించి ‘బతరేయా’ అంది. బ్యాటరీ కాబోలనుకుని నా ఫోను తీసి, ఛార్జింగు నిండుగానే ఉందని చూపించాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, గోడ మీది క్యాలెండరులో నవంబరు 1 మీద వేలుపెట్టి, ఆ వేలుతోనే పైకప్పు వైపు చూపించింది. అప్పుడర్థమైంది, ఆ హార్మోనియం పెట్టెలాంటి పోత ఇనుము సామాను పేరే బతరేయా అనీ, దాన్ని వెలిగించే అధికారం ఆవిడకు లేదనీ, ఆ పైవాడెవరో ఉన్నాడనీ. ఆ పైవాడు తమరే.

మా గదిలో లాప్‌టాప్‌తో కాపురముండే రష్యన్ కుర్రాడు ఒకడున్నాడు. 2022లో వాళ్ల దేశంలో సైన్యంలోకి పిలుపులు మొదలైనప్పుడు ఇటు వచ్చేసినవాళ్లలో ఒకడు. మీ రాజ్యాంగం నాకు అతనే వివరించాడు. రోజు మొత్తం సగటు ఉష్ణోగ్రత వరసగా ఐదు రోజులు ఎనిమిది డిగ్రీలకు మించకపోతే అప్పుడు వేడి వదలాలన్నది సోవియట్ల నాటి లెక్కట. మామూలుగా అది నవంబరు మొదట్లో పడుతుంది, మార్చి చివర దాకా నడుస్తుంది. దొరవారూ, నాలుగు రోజులు వణికి ఐదో రోజు కాస్త ఎండ కాస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచా? చలికి సగటు కట్టడం నేనింతవరకు వినలేదు. కప్పుకున్నవాడి వీపుకు సగటు తెలియదు కదా.

నవంబరు 1 తెల్లవారుజామున మూడింటికి గొట్టాల్లో ముందు గుటకలు, తర్వాత టకటకమని సుత్తి దెబ్బలు. గదిలో అందరూ ఉలిక్కిపడి లేచారు. నేను మాత్రం పడుకునే నవ్వుకున్నాను. ఖాళీ లైనులోకి వేడినీళ్లు వచ్చేటప్పుడు లోపలి గాలి చేసే గోల అది. ముప్పై ఏళ్లు విన్నాను. రిటైరయ్యాక ఆ చప్పుడు మళ్లీ వింటానని, అదీ పరాయి దేశంలో బెర్తు మీద పడుకుని వింటానని అనుకోలేదు.

తెల్లారేసరికి నవ్వు పోయింది. వేడి పైకెక్కుతుందని నాకెవరూ చెప్పనక్కర్లేదు, కానీ పైకప్పుకు రెండడుగుల దూరంలో పడుకుంటే అది శాస్త్రం కాదు, శిక్ష. రామగుండం ఎండలు చూసినవాణ్ణి నేను. ఇక్కడ కింది బెర్తులో మాఘమాసం, పై బెర్తులో రోహిణీ కార్తె. మధ్యలో ఉన్నది ఒక ప్లైవుడ్ చెక్క. లేచి బతరేయా చుట్టూ చేత్తో తడిమాను. తిప్పడానికి ఒక మరైనా లేదు. మా ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు కోసం నేనూ మా ఆవిడా ముప్పై రెండేళ్లుగా పోట్లాడుకుంటున్నాం. రెగ్యులేటరే లేని ఇంట్లో పోట్లాట ఎవరితో?

ఎవరితో అంటే, మాలో మాకే. ఇక్కడి పెద్ద కిటికీ పైమూలన చిన్న కిటికీ ఒకటుంటుంది, ‘ఫోర్తొచ్కా’ అంటారు. బారెడు కూడా ఉండదు. తమరు వదిలిన వేడి మీద మాకున్న అప్పీలు కోర్టు అదొక్కటే. పామీర్ కొండలన్నీ సైకిలు తొక్కి వచ్చిన జర్మన్ ఒకడు రాత్రంతా తెరిచే ఉంచాలంటాడు. లాహోరు నుంచి వచ్చిన ఇంకో తండ్రి, ఆయన కొడుకూ ఇక్కడే మెడిసిన్, కింది బెర్తులో తలకు మఫ్లరు చుట్టుకుని ‘భాయ్‌సాబ్, నిమోనియా’ అంటాడు. నేను నా హైదరాబాదీ హిందీలో, ఆయన పంజాబీ ఉర్దూలో రెండు దేశాల మధ్య జరగాల్సిన చర్చలన్నీ ఆ అడుగున్నర కిటికీ మీదే జరిపాం. పది నుంచి పన్నెండు దాకా తెరవాలని, తర్వాత వేలెడు సందు మాత్రం ఉంచాలని ఒప్పందం కుదిరింది. పన్నెండున్నరకు ఎజె వచ్చి మొత్తం మూసేసింది. ‘స్క్వజ్‌న్యాక్!’ అంది. అడ్డగాలి అని. అడ్డగాలి సోకితే మెడ పట్టేస్తుంది, నడుము పట్టేస్తుంది, దాని నుంచి రాని జబ్బు లేదని ఇక్కడి పెద్దల నమ్మకం. తడితలతో ఫ్యాను కింద పడుకుంటే మా అమ్మ ఇలాగే లేపేది. ఆ గొంతుకు ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు.

మర ఎందుకు పెట్టలేదో మూడోరోజు మెట్లమీద గొట్టాలు చూస్తూ దిగితే తెలిసింది. ఇలాంటి పాత భవనాల్లో నిలువు గొట్టం ఒకటే. ఐదో అంతస్తు బతరేయాలో తిరిగిన నీళ్లే నాలుగుకి, అవే మూడుకి, రెండుకి. ఉక్కపోసిందని నేను మర బిగిస్తే కింద ఎవరో ముసలమ్మ చలికి కొయ్యబారుతుంది. నమ్మకం లేని చోట మర ఇవ్వకపోవడమే మంచిదనుకున్నారేమో కట్టినవాళ్లు. తప్పు పట్టలేకపోయాను. పట్టాలనే వచ్చాను గానీ.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, ఇది ఒక బాయిలర్ మనిషి ఇంకో బాయిలర్ మనిషితో చెప్పేది. మా దగ్గర టర్బైన్ తిప్పాక మిగిలిన ఆవిరిని కండెన్సర్లో చల్లార్చి, ఆ వేడిని కూలింగ్ టవర్ల మీదుగా ఆకాశానికి వదిలేస్తాం. బొగ్గులోని వేడిలో దాదాపు సగం అలాగే పోతుంది. ఎండాకాలం నలభై అయిదు డిగ్రీల్లో ఆ వేడి ఎవరిక్కావాలి? మీ దగ్గర ఆ ఆవిరితోనే నీళ్లు కాచి ఊరికి పంచుతున్నారు. ఈ ఊరి పేరు ఇంకా ఫ్రూంజె అయి ఉన్న 1961లో మొదలైన ప్లాంటట. తూర్పున ఆ పొగగొట్టాలు చూసినప్పుడల్లా నాకు లోపలున్న మనుషులు కనిపిస్తారు. 2018 జనవరిలో గడ్డకట్టే చలిలో ప్లాంటు దెబ్బతిని ఊరు వణికిపోయిందని విన్నాను. ఆ రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్ల గుండెలు ఎలా కొట్టుకున్నాయో నేను ఊహించగలను. అలాంటి రాత్రుల్లో బయటున్నవాళ్లు తిడతారు, లోపలున్నవాళ్లకు తిట్లు వినే తీరిక కూడా ఉండదు.

ఇలా మెత్తబడిపోతున్నానని ఆదివారం నాటికి నాకే అనుమానం వచ్చింది. ఆ సాయంత్రమే మా గదిలోనే ఉండే, నారిన్ అనే ఊరి కుర్రాడు బయటినుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. ఎంత తోమినా గోళ్ల సందుల్లో నలుపు పోవడం లేదు. ఆ నలుపు నాకు తెలుసు. సింగరేణి బొగ్గు గనుల పక్కన బతికినవాడికి దాన్ని చూపించి ఇదేమిటని అడగక్కర్లేదు. ఊరి అంచున పెరిగిన కొత్త కాలనీల్లో, ‘నోవొస్త్రోయ్కా’లంటారు, వాళ్ల మేనత్త ఉంటుందట. మీ గొట్టం అక్కడిదాకా పోదు. చలికాలానికి సరిపడా బొగ్గు బస్తాలు దింపి షెడ్డులో పేర్చి వచ్చాడు. అలాంటి వేల ఇళ్ల పొయ్యిల పొగ, మీ పొగగొట్టాల పొగ, బండ్ల పొగ కలిసి చలికాలంలో ఈ ఊరి గాలి ప్రపంచంలోని చెడ్డగాలుల వరసలో పైకెక్కి కూర్చుంటుంది. నేను దిగిన రోజున వంటగది కిటికీలోంచి దక్షిణాన అలాతో కొండలు మంచుతో సహా కనిపించాయి. ఇప్పుడు ఎదురు భవనం కనబడితే అదే గొప్ప.

అంటే ఏమిటి? ఆ మేనత్త బస్తా బస్తా లెక్క చూసుకుని బొగ్గు వేస్తుంటే, ఇక్కడ మేం ఆరుగురం ఫోర్తొచ్కా తెరిచి తమరు పంపిన వేడిని వీధిలోకి పారబోస్తున్నాం. దీనికి మాత్రం తమరు జవాబు చెప్పాలి దొరవారూ. పాత గొట్టాలకు మర బిగిస్తే కింది అంతస్తు చల్లబడుతుందంటారా, పక్కనుంచి ఒక బైపాస్ గొట్టం వేసి బిగించండి. అదేమీ రాకెట్టు పని కాదు, మా మెయింటెనెన్స్ కుర్రాళ్లకిస్తే టిఫిను టైములోపు ఒక అంతస్తు లాగేస్తారు. ఇదే నా విన్నపంలో అసలు సంగతి. ఇక్కడితో సంతకం పెట్టి ముగిద్దామనుకున్నాను.

కానీ పెరుగు సంగతి ఒకటి మిగిలింది.

ఇక్కడ మాంసానికి, రొట్టెకు లోటు లేదు. లగ్మాన్ అని సేమ్యాలాంటి పులుసు, సమ్సా అని మన సమోసాకు పెద్దన్న, అన్నీ తిన్నాను. పదోరోజుకు మాత్రం నాలుక పెరుగన్నం కోసం మొండికేసింది. బిడ్డ వాళ్ల మెస్సు నుంచి గరిటెడు తోడు తెచ్చిచ్చింది. పాలు కాచి, తోడు వేసి, స్టీలు టిఫిను బతరేయా మీద పెట్టాను. దాని మీద ఇంతకుముందే జర్మన్ మేజోళ్లు, రష్యన్ కుర్రాడు వాసన కోసం పెట్టిన నారింజ తొక్కలు, ఎవరివో ఎండు రొట్టె ముక్కలు ఉన్నాయి. పైన గోడకు ‘ఇక్కడేమీ ఆరబెట్టరాదు’ అని రష్యన్‌లో నోటీసు. దాని కిందే ఎజె గ్లవుసులు. పొద్దున్న చూస్తే పాలు విరిగి నీళ్లు తేలాయి. మీ వేడి ఎక్కువైంది.

రెండో రాత్రి టిఫినును కిటికీ గట్టు మీదికి జరిపాను. కింద బతరేయా, పైన ఫోర్తొచ్కా వేలెడు సందు. అటు కాల్చనూ లేదు, ఇటు గడ్డకట్టించనూ లేదు. పొద్దున్న టిఫిను ఒంచితే పెరుగు కదల్లేదు. రామగుండంలో చలికాలం బియ్యం డబ్బాలో పాతిపెట్టినా ఇంత గట్టిగా తోడుకోదు.

బిష్కెక్ అనే పేరుకు అర్థం, గుర్రప్పాలు పులియబెట్టి కుముస్ చిలికే కర్ర అని ఇక్కడి జనం చెప్పుకుంటారు. అంటే కవ్వం. ఊరి పేరే కవ్వమైన చోట నాకు కవ్వం మాత్రం దొరకలేదు. ఫోర్కుతోనే చిలికి, నీళ్లు పోసి, ఉప్పు వేసి, అల్లం దంచి గదిలో అందరికీ తలా ఓ గ్లాసు ఇచ్చాను. లాహోరు తండ్రి ‘అరే, లస్సీ!’ అన్నాడు. నారిన్ కుర్రాడు ‘ఐరాన్’ అన్నాడు. జర్మన్ ఏమీ అనకుండా రెండో గ్లాసు చాపాడు.

కాబట్టి దొరవారికి సవరణతో కూడిన విన్నపం ఏమంటే, ఆ మర, ఆ బైపాస్ గొట్టం, అన్నీ తప్పక చేయించండి. కానీ ఈ నెల 12 దాకా మాత్రం దేన్నీ ముట్టుకోకండి. 12న నా విమానం. అప్పటిదాకా టిఫిను ఎక్కడ పెట్టాలో, కిటికీ ఎంత తీయాలో నాకు లెక్క కుదిరింది. అరడిగ్రీ అటూ ఇటూ అయినా పెరుగు పోతుంది. బాయిలర్ మనిషికి ఇంతకంటే విడమర్చి చెప్పనక్కర్లేదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
నాలుగో అంతస్తు, పై బెర్తు

తా.క.: ఇది రాస్తుండగా ఎజె గదిలోకి వచ్చింది. ఆమె వంతు మజ్జిగ బల్ల మీద మూతపెట్టి ఉంచాను. నిలబడే తాగి, అల్లం తగిలిన చోట ఒకసారి కళ్లు మూసుకుని తెరిచి, గ్లాసు కడిగి బోర్లించింది. వెళ్తూ వెళ్తూ స్టూలెక్కి ఫోర్తొచ్కా మూసేసింది.