పేలపిండీ, బ్రహ్మగారి ప్లానూ

తొలి ఏకాదశి నాడు మా ఇంట్లో పేలపిండి తిననివాడు లేడు, పొలమారనివాడూ లేడు. జొన్న పేలాలు మెత్తగా దంచి బెల్లం కలిపిన ఆ పొడి నోట్లో ఉండగా ఎవరో పలకరిస్తే "ఆఁ" అన్నామా, అంతే. ఒకరు పరుగున వచ్చి నడినెత్తిన తడతారు. ఇంకొకరు "ఎవరో తలుచుకుంటున్నారు" అంటారు. ఆ ఎవరో ఎవరన్నది తేల్చే బాధ్యత మా అత్తయ్యది. "పెద్దాడు అమెరికాలో ఇప్పుడే లేచుంటాడు" అని టైము లెక్కలు కూడా కడుతుంది. నా మటుకు నన్ను నెలనెలా అంత శ్రద్ధగా తలుచుకునేది లోనిచ్చిన బ్యాంకువాళ్ళే. తల తట్టేవాళ్ళు ఇంతమంది ఉన్నా, దగ్గేవాణ్ణి కాసేపు దగ్గనివ్వాలన్న సంగతి ఒక్కరికీ తట్టదు.

నిజానికి తప్పు పేలపిండిది కాదు, గొంతు ప్లానుది. ముక్కు పైన, నోరు కింద పెట్టిన బ్రహ్మగారు గొంతులోకి దిగేసరికి గాలిగొట్టాన్ని ముందుకీ, అన్నం గొట్టాన్ని వెనక్కీ మార్చేశాడు. దాంతో గాలీ మెతుకూ ఒకదాని దారికి ఒకటి అడ్డం వెళ్ళక తప్పదు. పాత చుట్టరికమే దీనికంతటికీ మూలం. తల్లి కడుపులో నాలుగో వారంలో, ఆహారనాళం కాబోయే గొట్టం ముందు గోడలోంచే ఊపిరితిత్తులు మొలకెత్తుతాయి. అన్నదమ్ములు వేరుపడి మధ్యన గోడ కట్టుకున్నా వీధి గుమ్మం ఒకటే మిగిలిన ఇల్లన్నమాట. తగువు రాకుండా ఎలా ఉంటుంది?

కాపలా లేదని కాదు. గుటక వేసిన ప్రతిసారీ స్వరపేటిక పైకి లేస్తుంది. గొంతు మీద వేలు పెట్టుకుంటే తెలుస్తుంది కూడా. ఎపిగ్లాటిస్ అనే మూత వెనక్కి వాలుతుంది, స్వరతంత్రులు దగ్గరికి వచ్చేస్తాయి, ఊపిరి క్షణం ఆగుతుంది. నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటూ, ఆ సందులోనే ఈ తతంగమంతా మనకు తెలియకుండా నడిచిపోతుంది. మనం మింగే ప్రతి మెతుకూ గాలిగొట్టం ముఖద్వారం మీదుగా వెళ్ళాల్సి రావడం వింతగా ఉందని 1859లోనే డార్విన్ తన 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్'లో రాశాడు. పేలపిండి రుచి చూడకుండానే ఆ సంగతి కనిపెట్టాడంటే మామూలు మేధావి కాదు.

చంటిపిల్లలకు ఈ బాధ తక్కువ. వాళ్ళ స్వరపేటిక బాగా పైన, కొండనాలుక దాకా వచ్చి ఉంటుంది. పాలు తాగుతూనే ముక్కుతో దాదాపు ఆగకుండా ఊపిరి పీలుస్తారు. పెరిగేకొద్దీ అది కిందికి దిగుతుంది. అలా దిగితేనే రకరకాల అచ్చులు పలకడానికి పైన చోటు దొరుకుతుంది. అంటే మాటల కోసమే మనం ఈ ప్రమాదానికి ఒప్పుకున్నామన్నమాట. అలాంటప్పుడు పెళ్ళి భోజనాల బంతిలో నోరు మూసుకుని తినమనడం ఏం న్యాయం?

దారి తప్పింది పొడి అయితే దగ్గుతో బయటపడుతుంది. వేరుశనగ గుండు అయితేనే చిక్కు. పెద్దవాళ్ళలో అది సాధారణంగా కుడి ఊపిరితిత్తి వైపే పోతుంది, ఎందుకంటే ఆ పక్క గొట్టం వెడల్పు, పొట్టి, ఇంచుమించు నిటారు. ఎడమ ఊపిరితిత్తి గుండెకు చోటిచ్చి రెండు తమ్మెలతో సరిపెట్టుకుంది. కుడిదానికి మూడు.

దగ్గూ మాటా రెండూ రాకపోతే మాత్రం నడినెత్తితో పని లేదు. రెక్కల ఎముకల మధ్య అరచేత్తో గట్టిగా ఐదు దెబ్బలు, దానికీ లొంగకపోతే వెనక నిలబడి బొడ్డుకు పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ నొక్కడం. ఈ రెండో పద్ధతి 1974లో హైమ్లిక్ అనే డాక్టరు చెప్పింది. ఎంత ఊదేసినా ఊపిరితిత్తుల్లో లీటరుకు పైగా గాలి మిగిలే ఉంటుంది కాబట్టి, ఆ నొక్కుడుకు అదే అడ్డాన్ని బయటికి నెడుతుంది.

ఇదంతా అత్తయ్యకు చూపిద్దామని, నొక్కకుండా ఉత్తినే మామయ్య వెనక నిలబడి చేతులు చుట్టాను. కలవలేదు. పుస్తకం తెరిచి, "భారీకాయులకూ, నిండు గర్భిణులకూ పొట్ట మీద కాదు, రొమ్ము ఎముక మీద నొక్కాలి" అని పైకి చదివాను.

"ఏరా, నన్ను పురిటికి పంపుతున్నావా?" అన్నాడు మామయ్య. ఆ మధ్యాహ్నం పెరుగన్నం మీద ఆవకాయ వేస్తానంటే, "ఇలాంటప్పుడు కారం తినకూడదు కదరా" అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు.