ఊతపదాలకు విరుగుడు: హోసూరువారికి కొన్ని చిట్కాలు

హోసూరు మనిషి మీద ఊతపదాలు మూడు దిక్కుల నుంచి వచ్చిపడతాయి. తెలుగువి ఇంట్లో అవ్వ నుంచి, తమిళానివి బడి నుంచి, కన్నడానివి బెంగళూరు బస్సు నుంచి. తమిళనాడు 2006లో చేసిన చట్టంతో బడిలో తమిళం తప్పనిసరై తెలుగు వాచకం పలచబడింది గానీ, ఊతపదాలకు వాచకంతో పనిలేదు. అవి నిక్షేపంగా ఉన్నాయి. వాటిని వదిలించుకునే ఉపాయాలు చెబుతాను. పాటిస్తే వారం తిరక్కుండా ఫలితం కనబడుతుంది. మొదట మీ ఇంట్లోవాళ్లకు కనబడుతుంది.

ముందు ‘వచ్చి’ సంగతి తేల్చండి. “నా పేరు వచ్చి మునియప్ప, ఊరు వచ్చి బేరిగె, అల్లుడు వచ్చి బాగలూరులో టీచరు.” ఈ మూడింటిలో ఏదీ ఎక్కడి నుంచీ రాలేదు. తమిళులు మాట మాటకూ వేసే ‘వందు’ను మనవాళ్లు తెలుగు చేసి నాలుక మీద కూర్చోబెట్టారు. ‘ఇప్పుడు దీని గురించి చెబుతున్నా, చెవి ఇటు పెట్టు’ అని వినేవాడికి అది సైగ అని కొందరి వాదన. వినేవాడి చెవి వినేవాడి బాధ్యత. హోసూరుకు సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చింది, అశోక్ లేలాండ్ వచ్చింది, టీవీఎస్ వచ్చింది, టైటాన్ వచ్చింది. ఇవి నిజంగానే వచ్చాయి కాబట్టి వీటికి వాడుకోండి, అడ్డు చెప్పను. మునియప్ప మాత్రం ఇకపై “మునియప్ప. బేరిగె. టీచరు అల్లుడు” అనాలి. పోలీసుస్టేషన్లో వివరాలు రాయిస్తున్నట్టు ఉంటుంది. ఉండనీ.

తరవాత ‘అంటే’. కృష్ణగిరి మామిడి మండీలో బెంగళూరా కాయ ధర అడిగి చూడండి. “ఈ తూరి కాయ వచ్చి... అంటే... మార్కెట్టు చూస్తే...” అని వ్యాపారి నసుగుతాడు. అంకె బయటికి రాకముందే రైతు సంగతి గ్రహించి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, పక్క మండీ వైపు ఓ చూపు చూసి బేరానికి సిద్ధమైపోతాడు. అలా సిద్ధపడే వ్యవధి ఇవ్వడం దేనికి? అంకె మొహం మీద చెప్పేయాలి. కళ్లు తిరిగితే మంచినీళ్లు ఇవ్వవచ్చు.

అప్పు అడిగినప్పుడూ ఇదే తంతు. “అన్నా, ఒక పదివేలు సర్దుతావా?” “అది... అంటే... ఇప్పుడు వచ్చి... చూస్తాంలే.” ఇందులో ఎక్కడా ‘లేదు’ లేదు. అయినా అడిగినవాడు అర్థం చేసుకుని, టీ తాగి, పిల్లల చదువుల గురించి కాసేపు మాట్లాడి లేస్తాడు. మళ్లీ పండక్కి వస్తాడు. మీరు ‘ఇవ్వను’ అనండి. మూడే అక్షరాలు. టీ ఖర్చు మిగులుతుంది, పండక్కి ఒక ఆకు తగ్గుతుంది.

మాట తోచనప్పుడు ‘ఆఁ’, ‘ఊఁ’ అని సాగదీయకండి. ఇంగ్లిషులో ఇలాంటి శబ్దాలు రెండూ మాటలేననీ, ఒకటి చిన్న ఆలస్యానికీ మరొకటి పెద్ద ఆలస్యానికీ ముందస్తు కబురనీ క్లార్క్, ఫాక్స్ ట్రీ అనే పరిశోధకులు 2002లో రాశారు. ప్రశ్నకూ జవాబుకూ నడుమ సందు సగటున సెకనులో ఐదోవంతేనని 2009లో మరికొందరు పది భాషల్లో కొలిచి తేల్చారు. ఆ పదింటిలో తెలుగు లేదు గనక మనకు ఢోకా లేదు. “జీతంలో ఎంత మిగిలింది?” అని ఫోన్లో ఇల్లాలు అడిగినప్పుడు నిండుగా ఐదు సెకన్లు మౌనం పాటించండి. ఆపైన మీకు మాట్లాడే అవసరమే రాదు.

వినేటప్పుడు కూడా ఇదే క్రమశిక్షణ. అవ్వ కథ చెబుతుంటే ఊఁ కొట్టకండి. “నిద్రపోయినావా అబ్బయ్యా?” అని కథ ఆపేసి ఆమె కూడా పడుకుంటుంది. బుర్రకథలో వంతలిద్దరూ ‘తందాన తాన’ మానేస్తే కథకుడు ఊపిరి తీసుకునే సందు లేక చకచకా ముగించేస్తాడు. ఊరు పెందలాడే నిద్రపోతుంది.

బెంగళూరులో ఉద్యోగం చేసే కుర్రాళ్లకు ప్రత్యేక సూచన. ‘గురూ’, ‘మగా’ అత్తిబెలెలోనే దించేయండి. జూజువాడి దాటాక ‘మచ్చా’ ఎక్కించుకోండి. గడపలో అమ్మను మీకన్నా ముందు పలకరించేది మీ నాలుకే, జాగ్రత్త. జీఎస్టీ వచ్చి (ఇదీ నిజంగానే వచ్చింది) 2017లో సరిహద్దు పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. ఆ గదులు ఊతపదాల తనిఖీకి ఇస్తే బాగుండేది.

అన్నింటికన్నా ముదిరింది ‘పోయొస్తా’. గడప దిగేవాడు తెలుగులో ‘పోయొస్తా’ అంటాడు, తమిళంలో ‘పోయిట్టు వర్రేన్’, కన్నడంలో ‘హోగ్బర్తీని’. వేరే విషయాల్లో సర్దుకోని మూడు భాషలు ఈ ఒక్క అబద్ధానికి కూడబలుక్కున్నాయి. బెంగళూరుకో సింగపూరుకో పోయేవాడు ఎప్పుడొస్తాడో ఎవరు చూశారు? మీరు ‘పోతున్నా’ అనండి. పెద్దవాళ్లు ఉలిక్కిపడి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, సరిగా మళ్లీ చెప్పమంటారు. బస్సు తప్పినా సరే, లొంగకండి.

ఈ చిట్కాలు ఎంతవరకు పనిచేశాయో ఉత్తరం రాయండి. ‘ఏమంటే’ అని మొదలుపెట్టిన ఉత్తరాలు చదవను.