ఎండ ఉండి ఏం లాభం!

విశాఖ ద్వారకా నగర్‌లో ఏ మేడ మెట్లెక్కినా ఐఇఎల్‌టిఎస్ బోర్డే. అక్కడ చదివిన కొడుకు డాలస్ చేరతాడు. కొన్నాళ్లకు అమ్మానాన్నలు బీ-2 వీసా మీద, ఆవకాయ ప్యాకెట్లతో వెనకే వెళ్తారు.

ఆరు నెలలుండి వచ్చిన పెద్దాయన ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదుట టీ తాగుతూ చెప్పే అమెరికాను ఆ కొడుకు ఎన్నడూ చూసుండడు. "మాడిపోయే ఎండ పెట్టుకుని, తడి బట్టలు కరెంటు మిషన్లో ఆరబెడతారండీ! పెరట్లో తీగ కడదామంటే కాలనీ వాళ్లు నోటీసిస్తారని మావాడి భయం!" చాలా కాలనీల్లో నిజంగానే ఆ రూలుంది. "రోడ్డు మీద నరమానవుడు నడవడు. నడవడానికి మాత్రం కారేసుకుని జిమ్ముకెళ్తారు! స్టాప్ బోర్డు కనిపిస్తే చాలు, చుట్టూ పురుగైనా లేకపోయినా ఆగి తీరతారు."

చివరిది మాత్రం మెప్పేనట. గ్లాసు పెట్టేసి, స్కూటర్‌ను ఆశీల్‌మెట్ట వైపు రాంగ్ రూట్లో దూకించారు. ఆరు నెలల నిష్ఠ ఆరు నిమిషాలు నిలవలేదు.

కోచింగ్ సెంటర్ల వారికి మనవి: పిల్లలకు ఇంగ్లిష్ నేర్పింది చాలు. తిరిగొచ్చిన తల్లిదండ్రులకు ఓ ట్రాఫిక్ బ్యాచ్ పెట్టండి. ఫీజు డాలర్లలో కొడుకే కడతాడు.