ఎక్కడానికా, దిగడానికా?

భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. రన్‌వే పొడవు 3,800 మీటర్లు. ఇక ఎగుమతులే తరువాయి. జీడిపప్పు, రొయ్యలు సరే, మన అసలు సరుకు మనిషే కదా!

ఇది పాత బేరమే. తాతలు ఓడెక్కి రంగూన్ వెళ్లి రేవులో మూటలు మోశారు. 1930లో కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ల చోట బర్మావాళ్లను పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్లను మళ్లీ పిలిస్తే అల్లర్లు రేగాయి. తక్కువకి చేస్తే ‘మా పని లాక్కున్నారు’, ఎక్కువ అడిగితే ‘మీ ఊరు పొండి’. వలస కూలీకి నియమావళి అంటే ఈ రెండు వాక్యాలే. 1942లో జపాను సేన వచ్చిపడితే వేలమంది కాలినడకనే ఇల్లు చేరారు.

ఇప్పుడు మనవలు. పదో తరగతి గట్టెక్కనివాడు 18 దేశాలకు కొలువుకెళ్లాలంటే సర్కారు అనుమతి కావాలి. ఎమ్మెస్ గట్టెక్కినవాడికి అమెరికా పెట్రోలు బంకులో గల్లాపెట్టె చాలు. తాత ఎండలో, మనవడు ఏసీలో. మూడు తరాల ప్రగతి అంటే ఆ చల్లదనమే!

రచ్చబండ మీద ముసలాయన మాత్రం ఒక్కటే అడిగాడు: “ఇమానం ఒచ్చింది గానీ బాబూ, మనోళ్లు ఎక్కడానికా, దిగడానికా?”